భాషా ప్రయోగశాల: విశ్వవిద్యాలయంలో యంత్రం, చెవి, గురువు

భాషను విని, పలికి, పలికినదాన్ని రికార్డు చేసుకుని, మళ్లీ విని సరిదిద్దుకోవడానికి విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో ఏర్పాటు చేసే గది భాషా ప్రయోగశాల. విద్యార్థుల వాడుకలో లాంగ్వేజ్ ల్యాబ్. ఒక్కొక్కరికీ ఒక సిస్టమ్, హెడ్‌ఫోన్, మైకు. అధ్యాపకుల ముందు అందరినీ కలిపే కన్సోల్. నేటి ల్యాబ్ స్థూలంగా ఇంతే. అరవై మంది ఉన్న తరగతిలో గంట పాఠం జరిగితే ఒక్కొక్కరికి ఒక్క నిమిషం మాట్లాడే వంతు కూడా రాదు. ల్యాబ్‌లో అరవై మందీ ఒకేసారి నోరు విప్పవచ్చు. పక్కవాళ్లు నవ్వుతారన్న బెరుకు ఉండదు. తప్పు పలికితే పదిసార్లు పలకవచ్చు.

ఈ సౌకర్యం కోసమే భాషాధ్యాపకులు ఫోనోగ్రాఫు నుంచి స్మార్ట్‌ఫోన్ దాకా దొరికిన ప్రతి యంత్రాన్నీ తరగతిలోకి తెచ్చారు. నూరేళ్లు దాటిన ఈ చరిత్రలో ఒక సంగతి పదే పదే రుజువైంది. విద్యార్థి యంత్రం దగ్గరకు ఎంత తరచుగా వస్తున్నారు, తన గొంతు తాను వింటున్నారా, విన్న తర్వాత దారి చూపేవారు పక్కన ఉన్నారా అన్న మూడు విషయాల మీదే ఫలితం ఆధారపడింది. యంత్రం ఎంత కొత్తదన్నది వీటి తర్వాతి మాట. మన విశ్వవిద్యాలయాలు ల్యాబుల మీద ఇంత ఖర్చు పెడుతున్న ఈ రోజుల్లో ఆ సంగతిని గట్టిగానే చెప్పుకోవాలి.

పుట్టుక

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు కనిపెట్టాక, పలికిన మాటను దాచుకుని మళ్లీ వినడం మొదటిసారి సాధ్యమైంది. 1901లో లండన్‌లో మొదలైన లింగ్వాఫోన్ సంస్థ రికార్డుల సాయంతో ఇంట్లో కూర్చునే భాషలు నేర్చుకునే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. విశ్వవిద్యాలయాల్లో తొలి అడుగు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పడింది. అక్కడికి ఫ్రెంచి నేర్చుకోవడానికి వచ్చే విదేశీ విద్యార్థుల కోసం 20వ శతాబ్దపు తొలి దశకంలో థియోడోర్ రొసే ఒక ధ్వనిశాస్త్ర ప్రయోగశాల నడిపాడు. 1909 వేసవిలో అక్కడ చదివిన ఫ్రాంక్ చాల్ఫంట్ అమెరికాకు తిరిగి వెళ్లి, 1911–12 విద్యాసంవత్సరంలో పుల్మన్ పట్టణంలోని వాషింగ్టన్ స్టేట్ కాలేజీలో అలాంటిదే నెలకొల్పాడు. ఒకే ఫోనోగ్రాఫు పాఠాన్ని చాలామంది చెవులకు గొట్టాలు తగిలించుకుని వినే ఏర్పాటు ఆనాటి ల్యాబుల్లో ఉండేది. లాంగ్వేజ్ లేబొరేటరీ అన్న పేరును 1930 ప్రాంతంలో ఓహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాల్ఫ్ వాల్ట్జ్ వాడుకలోకి తెచ్చాడు.

రెండో ప్రపంచయుద్ధం ఈ రంగానికి ఊపునిచ్చింది. సైనికులకు జపనీస్, రష్యన్, అరబిక్ వంటి భాషలు నెలల్లో మాట్లాడడం నేర్పాల్సి రావడంతో, వ్యాకరణ సూత్రాలను పక్కనపెట్టి వినడం, అనడం, మళ్లీ మళ్లీ అనడం అన్న పద్ధతిని అమెరికా సైన్యం 1943లో పెద్ద ఎత్తున అమలు చేసింది. యుద్ధం ముగిశాక అదే పద్ధతి ఆడియో లింగ్వల్ పేరుతో విశ్వవిద్యాలయాలకు చేరింది. సరిగ్గా ఆ కాలంలోనే టేపు రికార్డరు చౌకైంది.

రెండు ట్రాకుల టేపు

ల్యాబ్ చరిత్రలో అసలైన మలుపు రెండు ట్రాకుల టేపుతో వచ్చింది. దాని పనితీరును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈనాటి సాఫ్ట్‌వేరు కూడా అదే పని చేస్తోంది. టేపు మీద ఒక ట్రాకులో ఆదర్శ గొంతు ఉంటుంది. దాన్ని విద్యార్థి చెరపలేరు. రెండో ట్రాకు ఖాళీ, అది విద్యార్థి గొంతుకు. హెడ్‌ఫోన్‌లో ఒక వాక్యం వినిపిస్తుంది. ఆ తర్వాత కొన్ని క్షణాల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో విద్యార్థి సమాధానం చెప్పాలి. వెంటనే సరైన సమాధానం వినిపిస్తుంది. మళ్లీ నిశ్శబ్దం, విన్నదాన్ని అప్పుడు తిరిగి పలకాలి. నాలుగు దశల డ్రిల్ అంటే ఇదే. పాఠం అయ్యాక టేపు వెనక్కి తిప్పి వింటే ఆదర్శ గొంతు, తన గొంతు ఒకదాని వెంట ఒకటి వినిపిస్తాయి.

ఇక్కడే ల్యాబ్ బలమంతా ఉంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా మన లోపలి చెవికి చేరుతుంది. అందుకే రికార్డులో వినే గొంతు మనది కాదేమో అనిపిస్తుంది. బయటివాళ్లు వినేది ఆ రికార్డులోని గొంతునే. తాను ఎలా పలుకుతున్నదీ తెలియక తప్పును ఏళ్ల తరబడి మోసే విద్యార్థికి, ఆదర్శ వాక్యం పక్కన తన వాక్యం విన్న క్షణంలో తేడా చెవిని పడుతుంది. వినడానికి మాత్రమే ఉండే ల్యాబ్, విని పలికే ల్యాబ్, విని పలికి రికార్డు చేసి పోల్చుకునే ల్యాబ్ అని నిపుణులు మూడు రకాలు చెబుతారు. ఈ మూడో రకమే నిజమైన ల్యాబ్ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మొదటి రకం పని ఈనాడు ఏ ఫోనైనా చేస్తుంది.

పోల్చుకోవడానికి ఒక హద్దు ఉంది. వినలేని తేడాను విద్యార్థి పోల్చలేరు. మాతృభాషలో లేని ధ్వని భేదాన్ని చెవి మొదట్లో పట్టుకోదు. రెండూ ఒకటే అనిపిస్తాయి, తాను సరిగ్గానే పలికానన్న తృప్తితో విద్యార్థి ముందుకు సాగిపోతారు. కన్సోల్ ముందు కూర్చున్న అధ్యాపకుల పని అక్కడ మొదలవుతుంది. ఒక మీట నొక్కి పద్నాలుగో సీటులోని అమ్మాయి పలుకు రహస్యంగా వినవచ్చు, మరో మీట నొక్కి ఆమెతో మాత్రమే మాట్లాడవచ్చు, ఇద్దరు విద్యార్థులను జతచేసి సంభాషణ చేయించవచ్చు. గదిలో మిగతావారికి ఏదీ వినిపించదు. నలుగురిలో కాకుండా చెవిలో చెప్పిన దిద్దుబాటును విద్యార్థి ఎంత సులువుగా తీసుకుంటారో ల్యాబ్‌లో పాఠం చెప్పినవారికి తెలుసు.

వెల్లువ, నిరాశ

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను ప్రయోగించింది. కంగారుపడిన అమెరికా మరుసటి ఏడాది జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి గణితం, విజ్ఞానశాస్త్రాలతోపాటు విదేశీ భాషలకూ నిధులు కుమ్మరించింది. కొద్ది సంవత్సరాల్లో ల్యాబులు వేల సంఖ్యలో వెలిశాయి. యంత్రాలు కొన్నంత వేగంగా వాటిని నడిపే అధ్యాపకులకు శిక్షణ, వాటికి తగిన పాఠాలు సమకూరలేదు. ఒకే టేపు, ఒకే డ్రిల్ వందసార్లు విని విద్యార్థులు విసిగిపోయారు.

లెక్క తేల్చే అధ్యయనాలు వచ్చాయి. 1963లో రేమండ్ కీటింగ్ న్యూయార్క్ పరిసరాల పాఠశాలల విద్యార్థులను పరిశీలించి, ల్యాబ్ వాడినవారు వాడనివారికంటే మెరుగ్గా లేరని, మొదటి ఏడాది ఉచ్చారణలో మాత్రమే కొంత లాభం కనిపించిందని ప్రకటించాడు. పెన్సిల్వేనియాలో ఫిలిప్ స్మిత్ ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి సాగి 1970లో పుస్తకంగా వచ్చిన మరో పెద్ద అధ్యయనం, వారానికి రెండుసార్లు వాడిన ల్యాబ్ ఏ రకానిదైనా చెప్పుకోదగ్గ ఫలితం ఇవ్వలేదని తేల్చింది. ఈ రెండింటి నడుమ, 1964లో, న్యూయార్క్ నగర ఉన్నత పాఠశాలల్లో సేరా లోర్జ్ చేసిన పరిశీలన మరో మాట చెప్పింది. రోజూ కొద్దిసేపు రికార్డు చేసుకుని వినే విద్యార్థులకు స్పష్టమైన మేలు జరిగింది. వారానికి ఒకసారి వచ్చేవారికి ఆ మేలు అందలేదు. మొదటి రెండు అధ్యయనాలకు వచ్చినంత ప్రచారం దీనికి రాలేదు. నిజానికి ఈ మూడింటినీ కలిపి చదవాలి. అలా చదివితే తప్పు యంత్రానిదా, టైమ్‌టేబుల్‌దా అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఈలోగా పద్ధతికి ఆధారమైన సిద్ధాంతమే కదిలింది. భాష అలవాట్ల సముదాయమన్న మనస్తత్వవేత్త స్కిన్నర్ వాదాన్ని 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ ఆయన పుస్తకంపై రాసిన సమీక్షలో తీవ్రంగా ఖండించాడు. 1970ల నాటికి అర్థవంతమైన సంభాషణే భాషాబోధనకు కేంద్రమన్న ఆలోచన బలపడింది. బూత్‌లో ఒంటరిగా కూర్చుని టేపుతో మాట్లాడడం పాతకాలపు పని అయిపోయింది. చాలా ల్యాబులకు తాళాలు పడ్డాయి. కంప్యూటర్లు వచ్చి వాటిని మళ్లీ తెరిపించాయి.

హైదరాబాదు

తెలుగు నేల మీద ఈ కథ 1958లో, హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ స్థాపనతో మొదలవుతుంది. దేశమంతటి నుంచి వచ్చే ఇంగ్లిష్ అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడం దాని పని. 1972లో విదేశీ భాషలు కూడా చేరి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ (సీఫెల్) అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారి ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ) అయింది. అక్కడి ధ్వనిశాస్త్ర విభాగం భారతీయుల ఇంగ్లిష్ ఉచ్చారణను శ్రద్ధగా పరిశీలించింది. ఆర్.కె. బన్సల్ 1969లో ప్రచురించిన అధ్యయనం భారతీయుల ఇంగ్లిష్ ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. లండన్ వాళ్లలా పలకాలన్న లక్ష్యాన్ని వదిలి, విన్నవారికి అర్థమయ్యేలా పలకాలన్న లక్ష్యానికి దారి పడింది. ఈనాటి ల్యాబ్ పాఠాలన్నిటికీ పునాది కావలసిన ఆలోచన అది.

ల్యాబ్ సామాన్య విద్యార్థి దాకా వచ్చింది మాత్రం ఇంజనీరింగ్ కళాశాలల ద్వారా. 2000ల దశకంలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూ) బీటెక్ మొదటి సంవత్సరంలో ఇంగ్లిష్ లాంగ్వేజ్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్‌ను తప్పనిసరి చేసింది. ఆ విశ్వవిద్యాలయం 2008లో హైదరాబాదు, కాకినాడ, అనంతపురం కేంద్రాలుగా విడిపోయాక కూడా ఈ కోర్సు కొనసాగింది. సిలబస్ ల్యాబ్‌ను రెండు గదులుగా ఊహించింది. ఒకటి కాల్ (కంప్యూటర్ సాయంతో భాష నేర్చుకునే) ల్యాబ్: నలభై మందికి నలభై సిస్టమ్‌లు, ఒక మాస్టర్ కన్సోల్, వాటిని కలిపే నెట్‌వర్కు, విద్యార్థి సొంతంగా నేర్చుకునే సాఫ్ట్‌వేరు. రెండోది అటూ ఇటూ జరుపుకునే కుర్చీలు, మైకు సెట్టు, తెర, కెమెరా ఉన్న విశాలమైన గది. అక్కడ జామ్ (ఒక అంశం మీద నిమిషంపాటు మాట్లాడడం), రోల్ ప్లే, డిబేట్ జరుగుతాయి. యంత్రంతో ఒక గది, మనుషులతో ఒక గది అన్న ఈ ఊహ చాలా దూరదృష్టి ఉన్నది. చెవికి, నోటికి కసరత్తు ఒకచోట. నేర్చింది ఎదుటి మనిషి మీద ప్రయోగించడం మరోచోట. దురదృష్టవశాత్తు రెండో గది చాలాచోట్ల మొదటిదానిలో ఒక మూలగా మిగిలింది.

వేల మంది పల్లెటూరి పిల్లలు, తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు, తమ ఇంగ్లిష్ గొంతును మొదటిసారి విన్నది ఈ ల్యాబుల్లోనే. ప్లేస్‌మెంట్స్ కాలంలో జీడీ (బృందచర్చ), ఇంటర్వ్యూ అంటే వణికిపోయే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. అయితే చాలా కళాశాలల్లో ల్యాబ్ వారానికి ఒక పూట. బ్యాచ్‌లు మారుతూ ఉంటే సెలవులు, పరీక్షలు పోను సెమిస్టరుకు దొరికే పూటలు ఇంకా తగ్గుతాయి. రికార్డు బుక్ నింపడం, వైవాకు సిద్ధం కావడం అసలు పనిని మింగేస్తాయి. లోర్జ్ అరవై ఏళ్ల క్రితం చూపిన లోపమే ఇది.

తెలుగు నోరు, ఇంగ్లిష్ చెవి

తెలుగువారి కోసం తయారు కాని సాఫ్ట్‌వేరు తెలుగువారి ఇబ్బందులను పట్టించుకోదు. పడమరను సూచించే వెస్ట్, బనీను అని అర్థమిచ్చే వెస్ట్ ఇంగ్లిష్‌లో వేరు ధ్వనులతో మొదలవుతాయి. తెలుగులో రెంటికీ ఉన్నది ఒక్క వకారమే. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ బస్సవుతుంది, రోడ్ రోడ్డవుతుంది. ఎగ్ అనాల్సినచోట యెగ్గు, ఓపెన్ అనాల్సినచోట వోపెన్ వస్తాయి. పదం మొదట్లో వచ్చే ప, ట, క ధ్వనులను ఇంగ్లిష్‌వారు కాస్త ఊపిరి విడుస్తూ పలుకుతారు. మనం ఊపిరి లేకుండా పలికిన పిన్ వారి చెవికి బిన్‌లా వినిపించవచ్చు.

అన్నిటికంటే బరువైనది ఊనిక. తెలుగులో ఏ అక్షరాన్ని ఒత్తి పలికినా అర్థం మారదు. ఇంగ్లిష్‌లో రికార్డ్ అన్న మాటను మొదటి భాగం మీద ఊనితే నామవాచకం, రెండో భాగం మీద ఊనితే క్రియ. ఊనిక తప్పితే ధ్వనులన్నీ సరిగ్గా ఉన్నా విన్నవారికి మాట అందదు. ఒక్కో అచ్చు, ఒక్కో హల్లు దిద్దడం మీద ల్యాబ్ గంటలన్నీ ఖర్చు చేసి ఊనికకు చివరి వారం కేటాయించడం మన సిలబస్‌లలో కనిపించే తలకిందుల వరస.

మరోపక్క, కష్టమనుకున్నవి కొన్ని మన దగ్గరే ఉన్నాయి. కోస్తా మాటల్లో చెప్పాడు, వచ్చాడు అన్నప్పుడు మధ్యలో వినిపించే దీర్ఘం అచ్చమైన ఆకారం కాదు, ఏకారమూ కాదు. అది ఇంగ్లిష్ బ్యాంక్, క్యాట్ మాటల్లోని అచ్చుకు దగ్గరి చుట్టం. దానికి తెలుగులో అక్షరం లేదు, నోట్లో ధ్వని ఉంది. చెప్పాడు అన్న మాటను రికార్డు చేయించి, ఆ అచ్చును వేరుగా కత్తిరించి వినిపించి, ఇంగ్లిష్ మాట పక్కన పెట్టే అధ్యాపకురాలు విద్యార్థికి ధైర్యం కూడా ఇస్తుంది.

ఈ కత్తిరింపు పనికి ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. 2000లో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేరు ఆడాసిటీ చాలు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ రూపొందించిన ప్రాత్ మరో మెట్టు పైది, అదీ ఉచితమే. దానిలో పలికిన మాట కంటికి కనిపిస్తుంది. రికార్డ్ అన్న మాటను రెండు రకాలుగా పలికి తెరిస్తే, స్వరస్థాయిని చూపే నీలిగీత ఒకదానిలో మొదటి భాగం మీద, రెండోదానిలో చివరి భాగం మీద పైకి లేస్తుంది. ఊనిన అచ్చు పొడవు కూడా పెరుగుతుంది. విద్యార్థి తన గీతను ఆదర్శ గీత కింద పెట్టుకుని చూస్తే, చెవి పట్టని తేడాను కన్ను పడుతుంది. పిన్ మాటలో పెదవులు విడివడ్డాక అచ్చు మొదలయ్యేలోపు కనిపించే గజిబిజి గీతే ఆ ఊపిరి. ఒక జాగ్రత్త: స్వరస్థాయి పరిధిని మగ గొంతుకు 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100 నుంచి 500 హెర్ట్జ్ మధ్య పెట్టుకోకపోతే గీత అర్థంలేకుండా గెంతుతుంది. ఈ చిన్న అమరిక తెలియక ప్రాత్ పనికిరాదని వదిలేసినవారు ఉన్నారు.

యంత్రం వేసే మార్కులు

మాటను అక్షరంగా మార్చే స్పీచ్ రికగ్నిషన్ వచ్చాక ల్యాబ్‌లో యంత్రమే మార్కులు వేయడం మొదలైంది. విద్యార్థి చదివిన వాక్యంలో తప్పులకు ఎర్రగీత పడుతుంది, చివర శాతం వస్తుంది. అర్ధరాత్రి కూడా విసుగు లేకుండా వినే శ్రోత దొరకడం నిజంగా గొప్ప సంగతి. కానీ యంత్రం ఎవరి గొంతులతో నేర్చుకుందో ఆ గొంతులే దానికి సరైనవి. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అయిదు పెద్ద సంస్థల వ్యవస్థలను పరీక్షించినప్పుడు, నల్లజాతి అమెరికన్ల మాటల్లో నూటికి 35 దాకా తప్పుగా గుర్తించాయని, తెల్లవారి విషయంలో అది 19 అని తేలింది. ఇంగ్లిష్ మాతృభాష అయినవారి గతే అది అయితే, సిద్దిపేట, శ్రీకాకుళం యాసలతో వచ్చే ఇంగ్లిష్‌కు యంత్రం వేసే మార్కులను పరీక్ష మార్కులుగా తీసుకోవడం అన్యాయం. సాధనకు వాడాలి, తీర్పు అధ్యాపకుల చేతిలో ఉండాలి.

గది, గంట

పరికరాల విషయంలో ఒక్క మాట. తప్పనిసరిగా డబ్బు పెట్టాల్సింది హెడ్‌సెట్ మీద. స, ఫ వంటి ఊష్మ ధ్వనుల శక్తి ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది. పాత టెలిఫోన్ లైను 3400 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టే ఫోన్లో పేరు చెప్పేటప్పుడు అక్షరం అక్షరం విడమర్చాల్సి వచ్చేది. నాసిరకం హెడ్‌సెట్ కూడా అదే పని చేసి, నేర్పాల్సిన తేడానే చెరిపేస్తుంది. రికార్డింగు కనీసం సెకనుకు 16,000 నమూనాలతో జరగాలి. గదికి మందపాటి తెరలు, నేల మీద తివాచీ ఉంటే ప్రతిధ్వని తగ్గుతుంది. ఫ్యాన్ల రొద మైకులోకి వెళ్లకుండా చూడాలి.

గంట విషయం గది కంటే ముఖ్యం. 2020లో కోవిడ్‌తో తరగతులు మూతపడినప్పుడు చాలామంది అధ్యాపకులు విద్యార్థుల చేత ఫోన్లో రికార్డు చేయించి, వాట్సాప్‌లోనో మూడుల్‌లోనో తెప్పించుకుని, విని, తామూ గొంతుతోనే జవాబు పంపారు. కళాశాలలు తెరిచాక చాలాచోట్ల ఆ అలవాటు పోయింది. పోనివ్వకూడనిది అది. వరస ఇలా ఉండాలి: రోజూ పదిహేను, ఇరవై నిమిషాలు ఫోన్లో విని, వెంటవెంటనే పలికే షాడోయింగ్, రికార్డు చేసి పోల్చుకోవడం. వారంలో ఒకసారి ల్యాబ్‌కు వచ్చినప్పుడు ఆ రికార్డుల్లో తేలిన తప్పుల మీద అధ్యాపకులతో పని, ఆ తర్వాత కుర్చీలు జరుపుకుని మనిషితో మాట. ఈ వరసకు కొత్తగా కొనాల్సిందేమీ లేదు. అరవై రికార్డులు వినే అధ్యాపకుల సమయాన్ని మాత్రం పనిగంటల్లో లెక్క కట్టాలి.

తెలుగు నేర్చుకునేవారికి

ల్యాబ్ అనగానే మన దగ్గర ఇంగ్లిషే గుర్తుకొస్తుంది. తెలుగును రెండో భాషగా నేర్చుకునేవారికి ల్యాబ్ అవసరం అంతకంటే తక్కువ కాదు. 1969లో మైసూరులో స్థాపితమైన భారతీయ భాషల కేంద్ర సంస్థకు చెందిన దక్షిణ ప్రాంతీయ భాషా కేంద్రంలో ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయులు తెలుగు నేర్చుకుంటారు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం దశాబ్దాలపాటు తెలుగు నేర్పింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ధ్వనిశాస్త్రవేత్త లీ లిస్కర్ 1963లోనే వ్యావహారిక తెలుగుకు పాఠ్యపుస్తకం రాశాడు. స్పుత్నిక్ తర్వాతి నిధుల చలవ దక్షిణాసియా భాషల దాకా పాకిన కాలమది.

తెలుగు నేర్చుకునేవారి ఇబ్బందులు మన ఇబ్బందులకు తారుమారు. కాలు, కల్లు, కళ్ళు అన్న మూడు మాటలు ఇంగ్లిష్ చెవికి మొదట్లో ఒకటే. అచ్చు పొడవు, హల్లు ద్విత్వం, లకార ళకారాల తేడా మూడూ ఒకేచోట ఎదురవుతాయి. గుడికి వెళ్లాను అనబోయి గుడ్డికి వెళ్లాను అంటారు. గుడ్డి వంటి మాటల్లోని ద్విత్వ హల్లు దగ్గర నాలుక ఎంతసేపు ఆగుతుందో ప్రాత్ తెర మీద దాదాపు ఖాళీ జాగాగా కనిపిస్తుంది. దాన్ని చూపిస్తే చాలా గంటల వివరణ మిగులుతుంది. ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో చదివే ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులకు, విదేశాల్లో పుట్టి తాతమ్మలతో మాట్లాడాలని ఆశపడే తెలుగు పిల్లలకు కూడా ఇదే సాధన కావాలి.

దానికి కావలసిన ముడిసరుకు మంచి రికార్డింగులు. వార్తలు చదివే ఒక్క గొంతు సరిపోదు. కరీంనగర్ రైతు, కర్నూలు టీకొట్టు యజమాని, విజయనగరం బామ్మ, గుంటూరు ఆటోడ్రైవరు మామూలుగా మాట్లాడుకునే మాటలు, వారి అనుమతితో, రొద లేకుండా రికార్డు చేసి, ప్రతి వాక్యం విడిగా వినేలా కత్తిరించి, పక్కన లిపిలో రాసి, అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. ఉచ్చారణ ల్యాబులున్న ఇంజనీరింగ్ కళాశాలలు రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా జిల్లాల్లో ఉన్నాయి. మైకులు, సిస్టమ్‌లు, ఆ యాసలు ఇంట్లో వింటూ పెరిగిన విద్యార్థులు అక్కడే ఉన్నారు. సెలవులకు ఊరెళ్లే విద్యార్థులకు సెమిస్టరు ప్రాజెక్టుగా ఈ పని అప్పగించవచ్చు, తెలుగు శాఖ, ఇంగ్లిష్ శాఖ ఒక బల్ల దగ్గర కూర్చుంటే.